తాతయ్య వాచీలో 17 కెంపులు: ధర ఎంత, కథ ఏంటి?

ఈ ఎపిసోడ్ మొత్తం పాత వాచీల గురించే. తిరువూరు నుంచి ఒక చెల్లి పంపిన ప్రశ్నతో మొదలుపెడదాం.

వాళ్ళ తాతయ్య పోయాక బీరువాలో ఒక కీ ఇచ్చే వాచీ దొరికిందట. డయల్ మీద చిన్న అక్షరాలతో "17 జ్యువెల్స్" అని ఉంది. ఇంట్లో అందరూ "లోపల పదిహేడు కెంపులున్నాయట, జాగ్రత్త" అంటున్నారు. బజార్లో ఒకాయనకి చూపిస్తే "పాత సామాను, రెండొందలిస్తా" అన్నాడు. ఫోన్‌లో వెతికితే అదే రకం వాచీని ఎవరో నలభై వేలకి అమ్మకానికి పెట్టారు. "అన్నా, వీటిలో ఏది నిజం?" అని అడిగింది.

చెల్లీ, కెంపులున్న మాట నిజం. ఆ కెంపులకి ధర ఉందన్న మాటే నిజం కాదు. రెండొందలా, నలభై వేలా అన్నది ఆ ఇద్దరూ చెప్పినంత మాత్రాన తేలదు. అది తేలాలంటే ముందు ఆ వాచీ ఏమిటో, ఎప్పటిదో, మీ తాతయ్య దగ్గరికి ఎలా వచ్చిందో తెలియాలి. ఈ మూడూ ఎలా కనుక్కోవాలో వరసగా చెబుతాను.

ముందు ఆ రాళ్ళ సంగతి. వాచీ లోపల చిన్న చిన్న చక్రాలు సన్నటి ఇరుసుల మీద తిరుగుతుంటాయి. ఎడ్లబండి ఇరుసుకి కందెన ఎందుకు పెట్టేవారో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. పెట్టకపోతే ఇరుసు అరిగిపోతుంది. వాచీలో ఇరుసు కొన వెంట్రుకంత ఉంటుంది. అది ఇత్తడి రంధ్రంలో ఏళ్ళ తరబడి తిరిగితే రంధ్రం వెడల్పైపోయి, టైము తప్పుతుంది. అందుకని ఆ చోట రంధ్రం చేసిన చిన్న రాయిని బిగిస్తారు. కెంపు చాలా గట్టిది. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద వజ్రం 10 అయితే కెంపు 9. ఇలా రాళ్ళు వాడే పద్ధతికి 1704లోనే లండన్‌లో పేటెంట్ తీసుకున్నారు. తీసుకున్నవాళ్ళలో నికొలాస్ ఫాసియో అనే స్విస్ గణిత శాస్త్రవేత్త ఒకరు.

మరి 17 ఎందుకు? లెక్క చెబుతాను. అటూ ఇటూ ఊగుతూ టైముని కొలిచే బ్యాలెన్స్ వీల్‌కి 5 రాళ్ళు. దాని పక్కన ఊగే ఫోర్కుకి 4. ఆ తర్వాత నాలుగు చక్రాలకి పైనొకటి, కిందొకటి చొప్పున 8. మొత్తం 17. కీ ఇచ్చే వాచీకి అవసరమైన చోటల్లా రాయి వేశారని ఆ అంకెకి అర్థం. 7 రాళ్ళదైతే చవక రకం, 15 అయితే మధ్య రకం అని స్థూలంగా అనుకోవచ్చు. పాత వాచీల్లో చాలావాటిలో బ్యాలెన్స్ వీల్ గంటకి 18,000 సార్లు కొట్టుకుంటుంది. అంటే రోజుకి 4,32,000 సార్లు. మీ తాతయ్య వాచీ అన్నేళ్ళు నడిచిందంటే ఆ రాళ్ళ చలవే.

ధర ఎందుకు లేదంటే, అవి గనిలో తవ్విన కెంపులు కావు. 1902లో ఓగుస్త్ వెర్నూయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త అల్యూమినా పొడిని మంటలో కరిగించి కెంపు తయారుచేసే పద్ధతి ప్రకటించాడు. అప్పటి నుంచి వాచీ రాళ్ళు ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున తయారయ్యాయి. రంగు, గట్టిదనం కెంపువే. ధర మాత్రం గాజుపూస లెక్కే. వాచీ విప్పించి, రాళ్ళు పీకించి కంసాలి దగ్గరికి పట్టుకెళ్తే రాళ్ళకి డబ్బు రాదు, వాచీ మాత్రం చచ్చిపోతుంది. ఇది దయచేసి ఎవరూ చేయకండి.

ఇంకో మాట. రాళ్ళు ఎక్కువున్నంత మాత్రాన వాచీ గొప్పదైపోదు. 1960లలో కొన్ని కంపెనీలు ఈ పిచ్చిని సొమ్ము చేసుకున్నాయి. పనికి సంబంధం లేని చోట కూడా రాళ్ళు పొదిగి, డయల్ మీద "100 జ్యువెల్స్" అని రాసుకున్నాయి. చివరికి 1974లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ, పనిచేసే రాళ్ళు వేరు, అలంకారం రాళ్ళు వేరు అని నియమం పెట్టాల్సి వచ్చింది.

సరే, ఇప్పుడు వాచీ ఏమిటో కనుక్కుందాం. డయల్ మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ ఫోన్‌లో జూమ్ చేసి ఫోటో తీయండి. పైన ఉన్న పేరు తయారీదారుదే అవ్వాలని లేదు, అమ్మిన షాపుది కూడా కావచ్చు. తిరువూరు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, అవతల సత్తుపల్లి, మధిర వైపు నిజాం రాజ్యం. మద్రాసు మౌంట్ రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ లాంటి పెద్ద షాపులు తమ పేరుతోనే గడియారాలు అమ్మేవి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మని చూడటానికి జనం గుమిగూడే గడియారం ఉంది కదా, అది కుక్ అండ్ కెల్వీ ద్వారా వచ్చిందే. కాబట్టి డయల్ మీద పేరు చూసి ఆగిపోకండి. అసలు తయారీదారు గుర్తు చాలాసార్లు వెనక మూత లోపల, మిషన్ మీద ఉంటుంది.

మన ఇళ్ళల్లో దొరికే వాచీలు ఎక్కువగా మూడు నాలుగు రకాలే.

మొదటిది, స్వాతంత్ర్యానికి ముందు నుంచీ వచ్చిన స్విస్ వాచీలు. వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ 1886లో బొంబాయిలో పుట్టింది. మిషన్ స్విట్జర్లాండ్‌ది, అమ్మకం మన దగ్గర. వాళ్ళ "సోవార్" వాచీకి సైనికుల్లో మంచి పేరు. ఫావ్రే ల్యూబా 1865లోనే ఇండియాకి వచ్చింది. మిలిటరీ నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో, రైల్వేలో పనిచేసినవాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటివి ఉండే అవకాశం ఎక్కువ.

రెండోది, హెచ్‌ఎంటీ. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైంది. జనతా, పైలట్, కోహినూర్, కాంచన్, ఈ పేర్లు మీ ఇంట్లో పెద్దవాళ్ళు వెంటనే గుర్తుపడతారు. ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. సేకరించేవాళ్ళు వీటి వెంట పడ్డారు.

మూడోది మన సొంతం, హైదరాబాద్ ఆల్విన్. ఫ్రిజ్‌లకీ, బస్సు బాడీలకీ పేరున్న కంపెనీ 1980లలో జపాన్ సైకో సహకారంతో వాచీలు కూడా చేసింది. డయల్ మీద ఆల్విన్ అని ఉంటే, అది తెలుగు నేల మీద తయారైన వాచీ. చవకదైనా సరే, పారేయకండి.

నాలుగోది, గల్ఫ్ వెళ్ళొచ్చిన మావయ్యలు తెచ్చిన సైకో ఫైవ్‌లు. వీటి వయసు కనుక్కోవడం తేలిక. వెనక మూత మీద సీరియల్ నంబర్ ఉంటుంది. మొదటి అంకె సంవత్సరంలో చివరి అంకె, రెండోది నెల. 73తో మొదలైతే 7తో ముగిసే ఏడాది, మార్చి నెల. అది 1967 మార్చా, 1977 మార్చా అన్నది పక్కనే ఉన్న మోడల్ నంబర్ చూసి తేల్చుకోవాలి.

మిగతా వాచీలకి కూడా కొన్ని ఆనవాళ్ళున్నాయి. డయల్ మీద "ఇన్‌కాబ్లాక్" అని ఉంటే, కింద పడినా ఇరుసు విరగకుండా కాపాడే ఏర్పాటు ఉందని అర్థం. అది 1930ల తర్వాతి వాచీ. డయల్ అడుగున "స్విస్ మేడ్"కి అటూ ఇటూ ఇంగ్లీషు టీ అక్షరం ఉంటే, చీకట్లో వెలగడానికి ట్రిటియం వాడారని. అంటే 1960లు, ఆ తర్వాత. లాంజీన్స్ లాంటి కంపెనీలు పాత రిజిస్టర్లు దాచుకున్నాయి. మిషన్ మీది సీరియల్ నంబర్ పంపితే ఆ వాచీ ఏ ఏడాది, ఏ ఏజెంటుకి వెళ్ళిందో వెతికి చెబుతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. చీకట్లో వెలిగేదాన్నల్లా మనం రేడియం అంటాం. 1960ల ముందు వాచీల్లో మాత్రం నిజంగానే రేడియం పూసేవారు. ఇప్పుడు వెలగకపోయినా దాని రేడియేషన్ పోదు. ముళ్ళ మీద, అంకెల మీద ఎండిపోయిన గోధుమరంగు పూత ఉంటే గోకకండి, ఊదకండి, ఇంట్లో విప్పకండి.

ఇప్పుడు అసలైన విషయం. వాచీ ఏమిటో ఫోన్ చెబుతుంది. అది మీ తాతయ్యది ఎలా అయిందో ఇంట్లోవాళ్ళే చెప్పాలి.

"తాతయ్యకి ఈ వాచీ ఎవరిచ్చారు?" అని నాయనమ్మనో, తాతయ్య తోబుట్టువులనో అడగండి. మన దగ్గర వాచీ మామూలుగా కొనుక్కునే వస్తువు కాదు. పెళ్ళిలో అల్లుడికి పెట్టేవారు. అలకపాన్పు మీద అల్లుడు అడిగే వాటిలో సైకిలు, రేడియోతో పాటు వాచీ కూడా ఉండేది. అందుకే పెళ్ళి ఆల్బమ్ తీయండి. పాత ఫోటోల్లో పెళ్ళికొడుకు ఎడమ చెయ్యి కాస్త ముందుకు పెట్టి కూర్చుంటాడు, వాచీ కనపడాలని! ఆ ఫోటోలో వాచీ ఇదే అయితే, పెళ్ళి ముహూర్తం నాటికే అది ఇంట్లో ఉందన్నమాట. శుభలేఖ దొరికితే తేదీ కూడా దొరికినట్టే. రిటైరైనప్పుడు స్టాఫ్ ఇచ్చిన వాచీ అయితే వెనక మూత మీద పేరు, తేదీ చెక్కి ఉంటాయి. చాలామంది అది గీతలనుకుని పాలిష్ పట్టిస్తారు. పాలిష్‌తో పాటు ఆ చరిత్ర కూడా పోతుంది.

"బిల్లు లేదే, మరి ఎలా?" అంటారేమో. బిల్లు లేకపోవడానికి కూడా ఒక కారణం ఉండొచ్చు. 1960, 70లలో విదేశీ వాచీల దిగుమతి మీద గట్టి ఆంక్షలుండేవి, దొంగచాటుగా బోలెడు వచ్చేవి. 1962 కస్టమ్స్ చట్టం 123వ సెక్షన్ చూడండి. ఇది స్మగ్లింగ్ సరుకు కాదని రుజువు చేసుకోవాల్సిన భారం ఎవరి దగ్గర పట్టుకుంటే వాళ్ళదే అని చెప్పిన వస్తువుల్లో బంగారం పక్కనే వాచీలను పేరు పెట్టి రాశారు. అంటే ఆ రోజుల్లో స్విస్ వాచీ బంగారంతో సమానమైన వ్యవహారం.

ఈ కథలకి నిజంగా డబ్బు విలువ ఉందా? ఒక పెద్ద ఉదాహరణ. 2009 మార్చిలో న్యూయార్క్‌లో ఆంటిక్వోరమ్ అనే వేలం సంస్థ గాంధీగారి వస్తువులు వేలం వేసింది. జెనిత్ కంపెనీ జేబు గడియారం, కళ్ళజోడు, చెప్పులు, గిన్నె, పళ్ళెం. మొత్తం 18 లక్షల డాలర్లకి విజయ్ మాల్యా పాడుకున్నాడు. అలాంటి జెనిత్ గడియారం వేరే ఎవరిదో అయితే ఆ ధరలో వెయ్యో వంతు కూడా రావడం కష్టం. లోపలి మిషన్ ఒకటే, లోపలి రాళ్ళూ ఒకటే. తేడా అంతా అది ఎవరి చేతిలో ఉందో చూపించే ఆధారాల్లో ఉంది. మన తాతయ్యలు గాంధీగారు కారు, మన వాచీకి లక్షలు రావు. కానీ సూత్రం మారదు. ఫోటో, శుభలేఖ, మూత మీద చెక్కిన పేరు ఉన్న వాచీని కొనేవాడు నమ్ముతాడు. ఏ ఆధారమూ లేనిదాన్ని అనుమానిస్తాడు.

కొందరి ఇంట్లో పైన కూడా రాళ్ళు పొదిగిన ఆడవాళ్ళ వాచీ ఉండొచ్చు, లేదా బంగారు వాచీ ఉండొచ్చు. దానికి లెక్క వేరు. ముందు మూత లోపల ముద్ర చూడండి. పాత స్విస్ బంగారు వాచీల్లో 18 క్యారెట్లకి స్త్రీ తల ముద్ర, 14 క్యారెట్లకి ఉడుత ముద్ర ఉండేవి. అవునండీ, ఉడుతే! అలా కాకుండా "20 మైక్రాన్స్" అని ఉంటే అది బంగారు పూత మాత్రమే. 20 మైక్రాన్లంటే మిల్లీమీటరులో 50వ వంతు. "రోల్డ్ గోల్డ్", "గోల్డ్ ఫిల్డ్" అన్నా కూడా పైపొరే.

నిజంగా బంగారమే అయితే, కంసాలి దగ్గరికి వెళ్ళేముందు ఆలోచించండి. ఆయన తూకం చూస్తాడు, తరుగు తీస్తాడు, కరిగించే లెక్క చెబుతాడు. వాచీగా దాని ధర ఆయన లెక్కలోకి రాదు. పైన పొదిగిన రాళ్ళు ఫ్యాక్టరీలో పెట్టినవా, తర్వాత ఎవరైనా పెట్టించినవా అన్నది ముఖ్యం. వజ్రమా, కృత్రిమమా అన్నది రత్నాలు పరీక్షించే ల్యాబ్ తేల్చాలి. ఎవరికి ఇచ్చినా ముందు రాళ్ళు లెక్కపెట్టి, అన్ని వైపులా ఫోటో తీసి, రసీదు మీద రాళ్ళ సంఖ్య రాయించుకోండి.

సరే, ధరకి వద్దాం. ఒకే వాచీకి మూడు ధరలుంటాయి. సామాను ధర, అంటే బజార్లో ఆయన చెప్పిన రెండొందలు. వ్యాపారి కొనే ధర, అందులో అతని రిపేరు ఖర్చు, లాభం పోతాయి. చివరిది సేకరించేవాడు ఇచ్చే ధర. ఇంకో పాయింటు: ఆన్‌లైన్‌లో నలభై వేలు అని పెట్టడం వేరు, నలభై వేలకి అమ్ముడుపోవడం వేరు. అమ్ముడైనవాటి ధరలు చూపించే ఫిల్టర్ ఉన్న సైట్లలో, అదే మోడల్, అదే స్థితిలో ఉన్నవి ఎంతకి పోయాయో కనీసం ఐదారు చూడండి. మామూలు హెచ్‌ఎంటీ అయితే మహా అయితే కొన్ని వేల రూపాయల మాట. అరుదైన మోడల్, పేరున్న స్విస్ వాచీ అయితే ఎక్కువ.

ధర తగ్గించేది ఏమిటో తెలుసా? కొత్తగా మెరవడం! పాత డయల్‌కి కొత్త రంగు వేసి, దొరికిన మిషన్ పెట్టి, మెరిపించి అమ్మే వాచీలు నెట్ నిండా ఉన్నాయి. తెలిసినవాళ్ళు వాటిని చూడగానే పక్కన పెడతారు. మీ తాతయ్య వాచీ డయల్ పసుపెక్కినా, మచ్చ పడినా అలాగే ఉంచండి. ఆ మచ్చే అది అసలుదని చెబుతుంది. ఆగిపోయిన వాచీకి బలవంతంగా కీ ఇవ్వకండి. లోపల నూనె ఎండిపోయి ఉంటుంది, ఎండిన ఇరుసు తిరిగితే అరుగుతుంది. చాకుతో మూత తెరవకండి. కీ వాచీలు బాగుచేసే పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి, మీ ఎదురుగా మూత తీయించి, మిషన్ ఫోటో తీసుకోండి. మన బస్టాండుల దగ్గర అద్దాల పెట్టె వెనక కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చునే పెద్దాయన ఇంకా ఉంటే, మీ అదృష్టం.

అమ్మేద్దామనుకుంటే చట్టం రెండు చోట్ల అడ్డొస్తుంది. వందేళ్ళు దాటిన జేబు గడియారమైతే, 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకి రావచ్చు. అలాంటి వస్తువుని విదేశాలకి పంపడం మనలాంటివాళ్ళకి కుదరదు. అనుమానముంటే ముందు పురావస్తు శాఖ దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి. దేశం దాటలేని వస్తువు ధర ఎలా ఉంటుందో నిజాం నగలు చెబుతాయి. 1995లో కేంద్ర ప్రభుత్వం 173 నగలని 218 కోట్లకి కొన్నది. ప్రపంచ మార్కెట్‌లో అంతకన్నా చాలా ఎక్కువ పలుకుతాయన్న అంచనాలు అప్పటికే ఉన్నాయి. కొనగలిగేవాళ్ళు ఎవరన్నదే ధరని తేల్చింది.

రెండోది ఇంటి చట్టం. తాతయ్య వీలునామా రాయకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత వస్తువుల్లో నాయనమ్మకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ సమాన హక్కు ఉంటుంది. వాచీ కూడా అంతే. బీరువా తాళం మీ దగ్గరుంది కదా అని వాచీ మీదైపోదు. మేనత్తని అడిగారా? అడగండి. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని ఆ వాచీకి కీ ఇచ్చింది ఆవిడే కావచ్చు. ఆవిడకి ధర అక్కర్లేకపోవచ్చు, వాచీయే కావాల్సి ఉండొచ్చు.

కాబట్టి చెల్లీ, ఆ రెండొందల ఆయనకి ఇప్పుడే ఇవ్వొద్దు, నలభై వేలు కలగనొద్దు. ఈ ఆదివారం మూడు పనులు చెయ్యి. వాచీని అన్ని వైపులా ఫోటో తియ్యి. పెళ్ళి ఆల్బమ్ వెతుకు. నాయనమ్మని కూర్చోబెట్టి, వాచీ ఆవిడ చేతికిచ్చి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, "ఇది ఎక్కడిది?" అని అడుగు. వాచీ ఇంకో యాభై ఏళ్ళు బీరువాలో అలాగే ఉంటుంది, దానికి తొందర లేదు. ఆ జవాబు తెలిసిన మనిషిని మాత్రం ఇప్పుడే అడగాలి.